మార్కెట్ స్ట్రీట్‌లో నీటిగుంటలు

శాన్‌ఫ్రాన్సిస్కో నగరం, మార్కెట్ స్ట్రీట్. ఒక కేబుల్ కారు (నేల కింది తీగ లాగితే పట్టాల మీద నడిచే బండి) ముందు కెమెరా బిగించారు. కారు తన మానాన తాను ఫెర్రీ బిల్డింగ్ గడియారం టవర్ వైపు పోతూ ఉంటుంది. ఎదురుగా ఏం కనిపిస్తే అది ఫిల్ము మీద పడుతూ ఉంటుంది. పదమూడు నిమిషాలు ఇంతే. కథ లేదు, హీరో లేడు. గుర్రపుబండ్లను పట్టాలకు అడ్డంగా తోలేస్తుంటారు, టోపీల పెద్దమనుషులు కదిలే బండ్ల మధ్యలోంచి తాపీగా దాటుతుంటారు, పేపర్లమ్మే కుర్రాళ్లు పరుగులు తీస్తుంటారు. ట్రాఫిక్ లైటు అన్నదే లేదు. మొదటిసారి చూసినప్పుడు, ఎవడు ఎప్పుడు చక్రాల కింద పడతాడోనని టెన్షన్‌తోనే చూశాను.

మైల్స్ బ్రదర్స్ అనే ఫిల్ము కంపెనీ తీసిన ఈ రీలును చాలాకాలం 1905 నాటిదని లెక్క రాసుకున్నారు. డేవిడ్ కీన్ అనే సినిమా చరిత్రకారుడికి అది నమ్మబుద్ధి కాలేదు. కారణం రోడ్డు మీద నిలిచిన నీళ్లు. రికార్డుల్లో ఉన్న తేదీ ఎండాకాలపు చివరిది. ఆ ఊళ్లో అప్పుడు వానలుండవు. ఆయన పాత వాతావరణ రిపోర్టులు తిరగేశాడు. ఫిల్ములో కనిపించే మోటారు కార్ల నంబరు ప్లేట్లను రాష్ట్ర ప్రభుత్వ రిజిస్టర్లతో సరిచూస్తే, వాటిలో ఒకటి 1906లో గానీ రిజిస్టరు కాలేదని తేలింది. అంటే ఫిల్ము ఆ తర్వాత తీసిందే. నీడలు పడిన తీరును బట్టి సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో లెక్కగట్టిన వాళ్లు కూడా ఉన్నారు. అన్నీ కలిపి చూస్తే ఆ సంవత్సరం వసంతకాలం దగ్గర ఆగుతుంది లెక్క.

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకు ఆ ఊరు కంపించింది. తర్వాత మూడు రోజులు మంటలు. సుమారు 28,000 భవనాలు పోయాయి, దాదాపు 3,000 మంది చనిపోయారని అంచనా. మార్కెట్ స్ట్రీట్‌లోని మైల్స్ బ్రదర్స్ ఆఫీసు కూడా తగలబడిపోయింది. ఆ పాటికే నెగెటివ్ న్యూయార్క్ రైలెక్కేసింది కాబట్టి బతికింది. సరిగ్గా నాలుగు రోజుల ముందు తీశారని ఇంటర్నెట్‌లో అందరూ ఘంటాపథంగా చెబుతారు. నీటిగుంటలూ నీడలూ అంత కచ్చితంగా తేదీ చెప్పవు. కొద్ది రోజులో, మహా అయితే కొన్ని వారాలో ముందు అనుకోవడం నిజాయితీ.

ఇలాంటి పాత ఫిల్ములు చూసిన ప్రతివాళ్లకూ వచ్చే సందేహం ఒకటుంది. మా అమ్మ కూడా అదే అడిగింది: అప్పట్లో జనం అంత గబగబా నడిచేవాళ్లా అని. పాపం వాళ్లు మామూలుగానే నడిచారు. ఆ కెమెరాకు మోటారు లేదు, పక్కనున్న పిడిని మనిషి తిప్పాలి. ఒక చుట్టుకు ఎనిమిది ఫ్రేములు (అంటే ఎనిమిది బొమ్మలు), సెకనుకు రెండు చుట్లు, మొత్తం సెకనుకు సుమారు 16 ఫ్రేములు. మాటల సినిమా వచ్చాక ప్రొజెక్టర్లు సెకనుకు 24 ఫ్రేముల దగ్గర స్థిరపడ్డాయి. 16 చొప్పున తీసినదాన్ని 24 చొప్పున ఆడిస్తే అంతా ఒకటిన్నర రెట్లు వేగంగా కదులుతుంది. మరి అసలు వేగం తెలిసేదెలా? కింద పడే వస్తువును పట్టుకోవచ్చు. ఎవరి చేతిలోంచో ఒక మూట మీటరు ఎత్తు నుంచి జారిందనుకోండి. భూమ్యాకర్షణ ఏ ఊళ్లోనైనా దాదాపు ఒక్కటే, అది నేలను తాకడానికి 0.45 సెకను పడుతుంది. ఆ లోపు ఫిల్ములో ఏడు ఫ్రేములు గడిస్తే తిప్పినవాడు 16 చొప్పున తిప్పాడని లెక్క. పదకొండు గడిస్తే 24 చొప్పున. చేతితో తిప్పడం కాబట్టి రీలు మధ్యలో వేగం మారే అవకాశమూ ఉంది.

రంగుల సంగతి ఇంకా చిత్రం. ఆనాటి ముడి ఫిల్ముకు ఎరుపు కనిపించదు. నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. అందుకే పాత ఫిల్ముల్లో నీలాకాశం తెల్లకాగితంలా ఉంటుంది, ఎర్రటి వస్తువులు నల్లబడతాయి. అన్ని రంగులనూ పట్టే ఫిల్ము 1920ల్లో గానీ వాడుకలోకి రాలేదు. ఇప్పుడు ఏఐతో రంగులద్దిన మార్కెట్ స్ట్రీట్ వీడియోలు లక్షల మంది చూస్తున్నారు. అందులో ఒక స్త్రీ గౌను ముదురు నీలంగా కనిపిస్తే, అది కంప్యూటరు ఊహ. ముదురు ఎర్ర గౌనూ నల్ల గౌనూ ఆ ఫిల్ము మీద ఒకేలా పడ్డాయి, వాటిని విడదీసే సమాచారం అసలు అందులో లేదు. సెకనుకు 16 ఫ్రేములను 60 చేసినప్పుడు కూడా అంతే, ప్రతి నాలుగింటిలో దాదాపు మూడు ఎవరూ తీయనివి. చూడటానికి హాయిగా ఉంటుంది, కాదనను. సాక్ష్యంగా పనికిరాదు.

ఆ ఫిల్ముకు వెలుతురు కూడా విపరీతంగా కావాలి. 1904 అక్టోబరులో న్యూయార్క్ సబ్‌వే మొదలైంది. మరుసటి ఏడాది బిల్లీ బిట్జర్ అనే కెమెరామన్ ఆ సొరంగంలో 14వ వీధి నుంచి 42వ వీధి దాకా తీశాడు. ముందొక రైలు పోతుంటే, దాని వెనకాల ఇంకో రైలు మీద కెమెరా. పక్క పట్టాల మీద మూడో రైలు, దాని పనల్లా దీపాలు మోయడం! సొరంగంలో గోడల మీద ఆ వెలుగు పాకుతూ ఉంటుంది.

పాత ఫిల్ము కదా, అంతా నిజమే అనుకోవద్దు. మార్కెట్ స్ట్రీట్ ఫిల్ములో కార్లు చాలా ఉన్నట్టుంటాయి గానీ, నిదానంగా చూస్తే అవే కొన్ని కార్లు కెమెరా చుట్టూ తిరిగి తిరిగి వస్తుంటాయి. ఊరు ఆధునికంగా కనిపించాలని ఎవరో కావాలనే తిప్పించారనిపిస్తుంది. 1901 సెప్టెంబరు 6న బఫెలో ఎగ్జిబిషన్‌లో ప్రెసిడెంట్ మెకిన్లీని కాల్చినప్పుడు ఎడిసన్ కంపెనీ కెమెరామన్లు అక్కడే ఉన్నారు. బయట గుమిగూడిన జనాన్ని నిజంగానే తీశారు. అదే కంపెనీ ఆ తర్వాత హంతకుడి మరణశిక్ష ఫిల్ము కూడా అమ్మింది. అందులో జైలు బయటి దృశ్యం అసలుదే, లోపల విద్యుత్ కుర్చీ దగ్గర ఉన్నది మాత్రం నటులు. రెండూ ఒకే రీలులో.

ఇవి ఇన్నాళ్లు మిగలడమే వింత. ఆ ఫిల్ము నైట్రేటుతో చేసింది, తుపాకీ మందుకు దాయాది. మండటానికి కావలసిన ఆక్సిజన్ దాని లోపలే ఉంటుంది కాబట్టి నీళ్లలో ముంచినా ఆరదు. మండకపోయినా ఊరుకోదు, మెల్లగా కుళ్లుతుంది: బొమ్మ వెలిసిపోతుంది, రీలు జిగటెక్కి అంటుకుపోతుంది, చివరికి గోధుమరంగు పొడి మిగులుతుంది. 1978లో అమెరికా జాతీయ ఆర్కైవ్స్ గోదాముకు నిప్పంటుకుని కోటీ 26 లక్షల అడుగుల న్యూస్‌రీళ్లు ఒక్క రోజులో పోయాయి. అమెరికాలో తీసిన సుమారు 11,000 మూకీ కథాచిత్రాల్లో అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమే. మన సంగతి ఇంకా అన్యాయం, తెలుగువాళ్లు తీసిన తొలి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) ప్రింటు ఒక్కటీ లేదు.

మిగిలినవాటిలో చాలా వాటిని కాపాడింది చట్టంలో ఒక లోపం. 1912 దాకా అమెరికా కాపీరైట్ చట్టంలో సినిమా అన్న మాటే లేదు, ఫొటోలకైతే హక్కులుండేవి. కంపెనీలు ఏం చేశాయంటే, ఫిల్ము మొత్తాన్నీ ఫ్రేము ఫ్రేముగా పొడవాటి ఫొటో కాగితం మీద అచ్చేసి, ఇదిగో మా ఫొటోలు అంటూ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేశాయి. నైట్రేటు కాలిపోయింది, కాగితం నేలమాళిగలో పడి ఉంది. 1950ల నుంచి కెంప్ నైవర్ అనే ఆయన ఆ చుట్టలను ఒక్కో ఫ్రేమే తిరిగి ఫిల్ము మీదకు తీయించాడు. మూడు వేలకు పైగా ఫిల్ములు అలా లేచి కూర్చున్నాయి. కొన్నిటిని మంచు కాపాడింది. కెనడాలోని డాసన్ సిటీలో 1978లో పూడ్చేసిన ఒక పాత స్విమ్మింగ్ పూల్‌లో, ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేలలో, 533 రీళ్లు దొరికాయి. 1919 అమెరికా బేస్‌బాల్ పోటీల దృశ్యాలు వాటిలోనివే.

మైల్స్ బ్రదర్స్ భూకంపం తర్వాత కూడా కెమెరా పట్టుకుని మార్కెట్ స్ట్రీట్‌కు వచ్చారు. అప్పుడు తీసిన తొమ్మిది నిమిషాల రీలు శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఒక పాత సామాన్ల సంతలో దొరికింది, 2018లో బాగుచేసి చూపించారు. రెండు పక్కలా మొండిగోడలు, ఇటుక కుప్పలు. దూరంగా ఫెర్రీ బిల్డింగ్ టవర్ అలాగే నిలబడి ఉంటుంది.