చెల్లుకు చెల్లు కాని కర్బన లెక్క: అపోహలు, వాస్తవాలు

ఇళ్లలోనూ చిన్న పరిశ్రమల్లోనూ విద్యుత్ వినియోగాన్ని తనిఖీ చేయడం నా వృత్తి. విజయవాడ, గుంటూరు నగరాల్లో ఈమధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: "మా ఇంటి కర్బన పాదముద్ర చెరిగిపోవాలంటే ఎన్ని మొక్కలు నాటాలండీ?" కర్బన పాదముద్ర అంటే మన వాడకం వల్ల గాలిలో చేరే కార్బన్ డయాక్సైడ్ వంటి వేడి పెంచే వాయువుల మొత్తం; ఇక్కడ వాడుకగా దాన్నే పొగ అంటున్నాను.

అపోహ: మొక్క నాటితే మన పొగకు చెల్లు.

వాస్తవం: నెలకు 300 యూనిట్ల కరెంటు, ఒక గ్యాస్ బండ, 20 లీటర్ల పెట్రోలు వాడే కుటుంబాన్ని తీసుకుందాం. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున కరెంటు వల్ల 210 కిలోలు, 14.2 కిలోల బండ వల్ల 42 కిలోలు, లీటరుకు 2.3 కిలోల చొప్పున పెట్రోలు వల్ల 46 కిలోలు, అంతా కలిపి నెలకు దాదాపు 300 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో చేరుతుంది. ఏడాదికది మూడున్నర టన్నులు దాటుతుంది. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చుకునేది, జాతినీ నేలనూ బట్టి మారినా, స్థూలంగా 20 కిలోలు. అంటే 180 చెట్లు కావాలి. పటమటలో రెండు పడకగదుల ఫ్లాటులో ఉండేవారు ఆ తోటను ఎక్కడ పెంచుతారు? పైగా మనం నాటే మొక్క చెట్టయ్యేదాకా పీల్చుకునేది చాలా స్వల్పం, మన పొగ మాత్రం ఈ రోజే గాలిలో కలుస్తుంది. ఆ చెట్టును ఎప్పుడైనా కొట్టి పొయ్యిలో పెడితే, దాచిన కర్బనమంతా తిరిగి పైకి పోతుంది.

పెళ్లిళ్లలో తాంబూలంతో పాటు మొక్కనిచ్చే పద్ధతి నాకు ఎంతో ఇష్టం. అయితే ఏసీ కల్యాణ మండపంలో అందుకున్న వేప మొక్క మే నెల ఎండలో కారు వెనక సీటు మీద ఇల్లు చేరేసరికే తల వాల్చేస్తుంది, బతికి బయటపడినా బాల్కనీలో తొట్టి తప్ప దానికి నేల దొరకదు. అందుకే అలాంటివారిని నేను కోరేది, సంఖ్య తగ్గించుకుని, రోజూ నీళ్లు పోసే మనిషి ఉన్న బడి ఆవరణలో నాటించమని.

అపోహ: కార్బన్ క్రెడిట్ కొంటే విమాన ప్రయాణపు భారం తీరిపోతుంది.

వాస్తవం: వేరొకచోట ఎవరో తగ్గించిన పొగను మన లెక్కలో వేసుకోవడానికి డబ్బిచ్చి కొనేదే కార్బన్ క్రెడిట్; ఒక క్రెడిట్ ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. కృష్ణా డెల్టాలో వరి మడిలో నీరు నిలిచి ఉంటే మట్టిలోంచి మీథేన్ వెలువడుతుంది; వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు మించి వేడి పెంచే వాయువు. మధ్యమధ్య మడిని ఆరనిస్తే అది తగ్గుతుంది, ఆ తగ్గుదలను కొలిచి క్రెడిట్‌గా అమ్మవచ్చు. కాని క్రెడిట్ డబ్బు రాకపోయినా రైతు ఆ పని చేసేవాడే అయితే, మీ కొనుగోలు వల్ల కొత్తగా తగ్గిందేమీ ఉండదు. అదే టన్నును ఇంకొకరికి కూడా అమ్మారా, ఎవరు తనిఖీ చేశారు అన్నవి కూడా తప్పక అడగవలసిన ప్రశ్నలు.

అపోహ: ఎలక్ట్రిక్ స్కూటరుకు పొగే లేదు.

వాస్తవం: రోడ్డు మీద లేదు, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో బొగ్గు మండించి కరెంటు తీసే వీటీపీఎస్ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాల దగ్గర ఉంది. వంద కిలోమీటర్లకు పెట్రోలు స్కూటరు రెండు లీటర్లు తాగితే నాలుగున్నర కిలోల పైచిలుకు వెలువడుతుంది, ఎలక్ట్రిక్ స్కూటరుకు మూడు యూనిట్లు పడితే రెండు కిలోలు. సగానికి పైగా తగ్గుతుంది కనుక కొనమనే చెబుతాను.

అపోహ: మన ఒక్క ఇంట్లో తగ్గేది ఏపాటి?

వాస్తవం: ఏసీని ఒక డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని విద్యుత్ మంత్రిత్వ శాఖ చెబుతోంది. రాత్రికి 8 యూనిట్లు తీసుకునే ఏసీని 20 నుంచి 24కు మార్చి ఫ్యాను వేసుకుంటే దాదాపు రెండు యూనిట్లు మిగులుతాయి. ఇలా రెండు వారాలు పడుకుంటే, ఎదిగిన చెట్టు ఏడాదంతా పీల్చేంత పొగ అసలు పుట్టదు. ఆ తరువాతి అడుగు మేడ మీద సౌర పలకలు. మూడు కిలోవాట్లు పెట్టుకుంటే నెలకు 300 యూనిట్లకు పైగా రావచ్చు, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద వ్యక్తిగత ఇళ్లకు 78,000 రూపాయల వరకు రాయితీ ఉంది. అపార్ట్‌మెంటు అయితే మేడ అందరిదీ కనుక, ముందుగా సంఘం సమావేశంలో ఒప్పించుకోవలసి ఉంటుంది.