సూదికి భయపడే పిల్లలు: అపోహలు – వాస్తవాలు

బుధ, శనివారాల్లో మా టీకాల గదికి వచ్చే తల్లిదండ్రుల నోట నేను తరచుగా వినే మాట ఇది: "సూది సంగతి చెప్పకుండా తీసుకొచ్చాం మేడమ్, చెబితే ఇల్లు కదలడు."

ముందుగా చెబితే పిల్లలు భయపడతారన్నది అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ. ఐస్‌క్రీం ఆశ చూపి తీసుకొచ్చిన పిల్లవాడు సూది నొప్పిని కాసేపట్లో మరచిపోతాడు గాని, అమ్మ అబద్ధం చెప్పిందన్నది మరచిపోడు; ఆ తరువాత జ్వరానికి మందు కోసం వచ్చినా గేటు దగ్గరే ఏడుపు మొదలవుతుంది. ఆ గొడవ పడలేక 5–6 ఏళ్లప్పుడు వేయించవలసిన డీపీటీ బూస్టరును వాయిదా వేస్తూ చివరకు మానేసిన కుటుంబాలు నాకు తెలుసు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం నుంచి రక్షణ ఇచ్చే టీకా అది.

చిన్నపిల్లలకు బయలుదేరే ముందు, బడికి వెళ్లే పిల్లలకు ఒక రోజు ముందు నిజం చెప్పండి. "చేతికి టీకా వేస్తారు, కొంచెం నొప్పి ఉంటుంది, త్వరగా అయిపోతుంది, నేను పక్కనే ఉంటాను" అంటే చాలు. ఒకసారి తలుపు పట్టుకుని లోపలికి రానన్న బాబుతో ఇదే మాట చెప్పి, ఏ చేతికి వేయమంటావని అడిగాను. చాలాసేపు ఆలోచించి ఎడమ చెయ్యి చూపించాడు. తల్లి ఒడిలో నిటారుగా కూర్చుని, నేను చెప్పినట్టు గట్టిగా ఊపిరి వదులుతూ టీకా వేయించుకున్నాడు. ఏడ్చాడు, కానీ చెయ్యి లాక్కోలేదు.

"అల్లరి చేస్తే సూది వేయిస్తా" అన్న బెదిరింపు ఇంట్లో ఎవరూ, తాతయ్యలతో సహా, వాడవద్దు. పడుకోబెట్టి నలుగురు అదిమిపట్టడం భయాన్ని పెంచుతుంది. పాలు తాగుతున్న బిడ్డకు టీకా వేస్తే పొలమారుతుందన్న భయం అక్కర్లేదు; పాలిస్తూ వేయించడం నొప్పిని తగ్గిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సిఫార్సు చేసింది. ముందుగా పారాసిటమాల్ పట్టించడం వల్ల సూది నొప్పి తగ్గదు.

10, 16 ఏళ్లకు వేసే టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) టీకా తరువాత బడిలో ఒకరిద్దరు కళ్లు తిరిగి పడిపోతే, టీకా వికటించిందని వాట్సాప్‌లో ప్రచారం చేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. సూది భయంతో రక్తపోటు ఒక్కసారిగా పడిపోవడం వల్ల అలా జరగవచ్చు. పడుకోబెడితే సాధారణంగా కొద్ది నిమిషాల్లో తేరుకుంటారు. గతంలో అలా పడిపోయిన పిల్లలుంటే టీకా వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకు ముందే చెప్పండి, పడుకోబెట్టి టీకా వేసి, అరగంట అక్కడే ఉంచుతారు.