టెక్సస్ అబార్షన్ చట్టం: మలుపు వాషింగ్టన్‌లో కాదు, వాస్కమ్‌లో

టెక్సస్‌లో అబార్షన్ మాత్రల మీద తెచ్చిన కొత్త చట్టం, హౌస్ బిల్ 7, 2025 డిసెంబర్ 4 నుంచి అమల్లోకి వచ్చింది. డల్లాస్, హ్యూస్టన్ వైపు బిడ్డలున్న నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ఇళ్లలో మళ్లీ టెన్షన్. ఈ మాత్రలను టెక్సస్‌కు తయారుచేసి పంపినా, పోస్ట్ చేసినా, చేత్తో తెచ్చిచ్చినా వాళ్ల మీద మామూలు మనిషి కూడా దావా వేసి కనీసం లక్ష డాలర్లు అడగొచ్చు. మాత్ర వేసుకున్న ఆడమనిషి మీద మాత్రం వేయడానికి లేదు.

పోలీసులు కాకుండా, సర్కారు కాకుండా, ఎవరో దారినపోయే మనిషి కేసు వేయడమేంటి అని చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్న అదే.

1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పు అమెరికా అంతటా అబార్షన్ హక్కు ఇవ్వడం, 2022 జూన్ 24న సుప్రీంకోర్టు డాబ్స్ తీర్పుతో అది కొట్టుకుపోవడం అందరికీ తెలిసిన కథే, మళ్లీ చెప్పను. ట్రంప్ సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జిలను వేశాడు కాబట్టి ఇదంతా జరిగింది అంటారు. అదీ నిజమే. కానీ డాబ్స్ తీర్పుకు పది నెలల ముందే, రో తీర్పు ఇంకా బతికుండగానే, టెక్సస్‌లో అబార్షన్లు చాలావరకు ఆగిపోయాయి. అదెట్లా సాధ్యమైందో చూడాలంటే వాస్కమ్ వెళ్లాలి.

వాస్కమ్ టెక్సస్‌లో, పక్క రాష్ట్రం లూసియానా సరిహద్దులో రెండు వేల జనాభా ఉన్న ఊరు. అక్కడ అబార్షన్ క్లినిక్ లేదు. రైట్ టు లైఫ్ ఆఫ్ ఈస్ట్ టెక్సస్ అనే సంస్థ తరఫున మార్క్ లీ డిక్సన్ అనే పాస్టర్ వచ్చి, లూసియానాలో చట్టం బిగిస్తే అక్కడి ష్రీవ్‌పోర్ట్ నగరంలోని అబార్షన్ క్లినిక్ సరిహద్దు దాటి మీ ఊరికే వస్తుంది, ముందే కట్టడి చేసుకోండి అన్నాడు. 2019 జూన్ 11న అందరూ మగవాళ్లే ఉన్న సిటీ కౌన్సిల్ ఏకగ్రీవంగా, పుట్టబోయే బిడ్డలకు మా ఊరు ఆశ్రయం అంటూ అబార్షన్లను నిషేధిస్తూ తీర్మానించింది. మన గ్రామ పంచాయతీల్లో బెల్టుషాపులు వద్దని తీర్మానం చేసినట్టే అనుకోండి. కాకపోతే దాని వెనుక పెద్ద లాయరు బుర్ర ఉంది.

ఆయన జొనాథన్ మిచెల్, టెక్సస్ మాజీ సొలిసిటర్ జనరల్. ఇలాంటి తీర్మానాలు చేస్తే ఊరి మీద కేసులు పడి ఖజానా ఖాళీ అవుతుందన్న భయానికి ఆయన విరుగుడు కనిపెట్టాడు. మామూలుగా ఒక చట్టం హక్కును కాలరాస్తే, దాన్ని అమలుచేసే అధికారి మీద కోర్టుకు వెళ్లి ఆపిస్తాం. అమలుచేసే అధికారే లేకుండా, పని మొత్తం జనం వేసే దావాలకు వదిలేస్తే? కోర్టు ఎవరిని ఆపమని చెప్పాలి? డిక్సన్ ఇదే నమూనాతో ఊరూరా తిరిగాడు. 2021 మేలో లబక్ అనే పెద్ద నగరమే ఓటు వేసి ఒప్పుకుంది. అబార్షన్ క్లినిక్‌లు నడిపే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ సంస్థ కోర్టుకు వెళితే, నగరాన్ని ఆపినంత మాత్రాన మీకు ఊరట దక్కదంటూ జడ్జి కేసు కొట్టేశాడు. లెక్క ఫలించింది.

ఆ ఏడాదే బ్రయన్ హ్యూస్ అనే సెనేటర్ ఆ నమూనాను రాష్ట్రమంతటికీ చట్టం చేశాడు. అదే సెనేట్ బిల్ 8. ఆరు వారాలు దాటాక అబార్షన్‌కు సాయం చేసిన ఎవరి మీదైనా, ఎవరైనా దావా వేయొచ్చు, గెలిస్తే కనీసం పదివేల డాలర్లు. 2021 సెప్టెంబర్ 1న అర్ధరాత్రి వేళ సుప్రీంకోర్టు 5-4తో దాన్ని ఆపడానికి నిరాకరించింది. ఆరు వారాలంటే చాలామందికి నెల తప్పిందని తెలిసేలోపే గడిచిపోతాయి. నిజానికి ఆ చట్టం కింద పడిన దావాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవసరం రాలేదు, భయమే పని పూర్తిచేసింది. హౌస్ బిల్ 7 అదే యంత్రం, పదివేలు లక్ష అయింది అంతే.

గర్భంలో పడిన క్షణం నుంచే అది ప్రాణం, దాన్ని కాపాడటానికి ఏ దారి దొరికితే ఆ దారి పట్టాం అంటారు అబార్షన్‌ను వ్యతిరేకించే సంస్థలవాళ్లు. వాళ్ల నమ్మకాన్ని నేను శంకించను. కానీ ఓటుతో గెలవడం, అదిరించి గెలవడం ఒకటి కాదు. 2022 ఆగస్టులో కాన్సస్ రాష్ట్రంలో నేరుగా జనాన్ని అడిగితే దాదాపు 59 శాతం అబార్షన్ హక్కు ఉంచమనే అన్నారు.

మనవాళ్లకు మింగుడుపడని ముక్క ఇంకోటి ఉంది. దేవరకొండ తండాల్లో ఆడపిల్లల అమ్మకాలు, స్కానింగ్ సెంటర్ల దందా మనం సిగ్గుతో చూసిన సంగతులు. స్కానింగ్ దందాకు ఇక్కడ లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ఉంది, చాలకపోతే గట్టిగా అమలుచేయమని అడగాలి. అక్కడి సంస్థలు మాత్రం భారత్, చైనాల్లో ఆడపిండాలను తీయించేస్తారని చూపించి, లింగం కారణంగా చేసే అబార్షన్ నిషేధం పేరుతో రాష్ట్రాల్లో బిల్లులు పెట్టించాయి. అరిజోనాలో 2011లో వచ్చింది, ఇండియానాలో 2016లో. అంతకు ముందే, 2015లో, ఇండియానాలో భారతీయ సంతతి మహిళకు గర్భం పోయిన కేసులో ఇరవై ఏళ్ల శిక్ష వేశారు. మరుసటి ఏడు పైకోర్టు పిండహత్య నేరాన్ని కొట్టేసింది గానీ, అప్పటికి ఆమె ఏడాదికి పైగా జైల్లో ఉంది.

మన దగ్గర అబార్షన్‌ను అనుమతించే 1971 చట్టం ఉద్యమాలతో రాలేదు. దొంగచాటు అబార్షన్లతో తల్లులు చనిపోతున్నారని శాంతిలాల్ షా కమిటీ చెప్పాక వచ్చింది. 2022 సెప్టెంబర్ 29న మన సుప్రీంకోర్టు, పెళ్లికాని ఆడవాళ్లకూ 24 వారాల వరకు అబార్షన్ వెసులుబాటు ఉంటుందని తేల్చింది. డాక్టర్ చీటీ మీద ఇక్కడి మెడికల్ షాపులో దొరికే అబార్షన్ కిట్ ఇంతే: ఒక మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాముల మాత్ర, నాలుగు మిసోప్రోస్టోల్ మాత్రలు, ఒకే అట్టలో. పచ్చళ్లు, పొడుల మధ్య ఆ అట్ట పెట్టి పంపుదామనుకునే అమ్మలకు చెప్పేది ఒకటే: డల్లాస్‌లో దిగాక దాన్ని బిడ్డ చేతికిచ్చిన మనిషి మీద దావా పడొచ్చు. కడుపు దానంతటదే పోయినా, గర్భసంచి బయట పిండం పడినా చేసే వైద్యాన్ని టెక్సస్ చట్టం అబార్షన్ అనదు. తల్లికి ప్రాణాపాయం ముంచుకొచ్చేదాకా డాక్టర్లు ఆగక్కర్లేదని 2025లో ఇంకో చట్టం కూడా తెచ్చారు. అయినా రక్తం పోతున్నప్పుడు డాక్టర్ లాయర్‌కు ఫోన్ చేస్తానంటే, వెంటనే ఇంకో ఆసుపత్రికి వెళ్లమని బిడ్డకు ముందే చెప్పి ఉంచండి.