ప్లేట్‌లెట్లకు ఇంకో పని కూడా ఉంది

డెంగీ సీజన్ వచ్చిందంటే ఇంటింటా ప్లేట్‌లెట్ల లెక్కే. రక్తం కారిపోకుండా గడ్డ కట్టించేవి అవేనని అందరికీ తెలుసు. అవి బాక్టీరియాతోనూ పోరాడతాయని చాలామంది విని ఉండరు. బాక్టీరియా తగిలితే అతుక్కుంటాయి, తమలో దాచుకున్న క్రిమిసంహారక ప్రొటీన్లను వదులుతాయి, తెల్లకణాలను రప్పిస్తాయి. అలాంటప్పుడు ప్లేట్‌లెట్లను అణిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ వాడుతూ బైపాస్‌కి వెళ్తే ఇన్‌ఫెక్షన్లు పెరగవా?

2009లో వెలువడిన ప్లేటో అధ్యయనం 18,624 మంది గుండె రోగుల్లో టికాగ్రెలార్‌ను క్లోపిడోగ్రెల్‌తో పోల్చింది. వాళ్లలో మందు ఆపిన వారంలోపే బైపాస్ జరిగిన 1,261 మందిని తర్వాత విడిగా పరిశీలించారు. క్లోపిడోగ్రెల్ వాడినవాళ్లలో 9.7 శాతం మంది చనిపోతే, టికాగ్రెలార్ వాడినవాళ్లలో 4.7 శాతం. గుండె సంబంధమైన మరణాలతోపాటు ఇన్‌ఫెక్షన్ మరణాలూ తగ్గాయి! 2019లో బెల్జియంలోని లీజ్ పరిశోధకులు టికాగ్రెలార్ మందులకు లొంగని మొండి బాక్టీరియా స్టాఫిలోకాకస్‌ను సైతం చంపగలదని ల్యాబ్‌లో చూపించారు. అయితే అందుకు కావలసిన మోతాదు రోగి రక్తంలో మామూలుగా ఉండేదానికంటే చాలా ఎక్కువ. పైగా ప్లేటో మొదలుపెట్టింది ఇన్‌ఫెక్షన్ల సంగతి తేల్చడానికి కాదు. అందుకే నా దృష్టిలో ఇది గట్టి ఆశ, రుజువు మాత్రం కాదు.

అసలు భయపడాల్సింది రక్తస్రావానికి. రక్తం ఎక్కువ పోతే బయటి రక్తం ఎక్కించాలి, ఒక్కోసారి ఛాతీ మళ్లీ తెరవాలి. రెండూ ఇన్‌ఫెక్షన్ ముప్పును పెంచేవే. ఆపరేషన్‌కు ముందు క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా 5 రోజులు, అదే కోవకు చెందిన ప్రసుగ్రెల్‌ను 7 రోజులు, టికాగ్రెలార్‌ను 3 నుంచి 5 రోజులు ఆపేది అందుకే. మొదటి రెండూ ప్లేట్‌లెట్‌ను దాని జీవితకాలమంతా పనిచేయనివ్వవు. కొత్తవి పుట్టాలి. ప్లేట్‌లెట్ బతికేది 7 నుంచి 10 రోజులు. టికాగ్రెలార్ పట్టు దానంతటదే వదులుతుంది. ఆస్పిరిన్‌ను చాలావరకు కొనసాగిస్తారు.

బైపాస్ కోసం కోసిన రొమ్ము ఎముక గాయం చీము పట్టకుండా కాపాడే పద్ధతులు వేరే ఉన్నాయి: షుగర్ అదుపు, సిగరెట్ మానడం, కోత పెట్టే ముందు గంటలోపు యాంటీబయాటిక్, ముక్కులో స్టాఫిలోకాకస్ ఉంటే దానికి ఆయింట్‌మెంట్.

ఇన్‌ఫెక్షన్ వస్తుందేమోనన్న టెన్షన్‌తో మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి. కొత్త స్టెంట్‌లో గడ్డ కడితే ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషన్ ఖాయమైతే మాత్ర పేరు, ఆఖరిది వేసుకున్న రోజు, స్టెంట్ వేసిన తేదీ సర్జన్‌కీ, మత్తు డాక్టర్‌కీ చెప్పండి. ఎన్నాళ్లు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్లు లెక్కగట్టేది ఈ వివరాలతోనే.