ఆర్‌వీకి కొత్త బ్యాటరీ: ముందు పాతది ఎందుకు పోయిందో చూడండి

ఆర్‌వీ అంటే ఇంటి సదుపాయాలున్న ప్రయాణ బండి: సొంత ఇంజిన్ ఉంటే మోటార్‌హోమ్, వేరే బండి లాగితే ట్రైలర్. మోటార్‌హోమ్‌లో ఇంజిన్‌ని స్టార్ట్ చేసే బ్యాటరీ వేరు. లోపల లైట్లు, నీళ్ల పంపు, హీటర్ ఫ్యాన్ నడిపేది వేరు. అమెరికాలో హౌస్ బ్యాటరీ అనే ఈ రెండోది రెండేళ్లకే పోతే, చాలామంది కంపెనీని తిట్టుకుని అలాంటిదే ఇంకోటి బిగిస్తారు. అదీ రెండేళ్లకే పోతుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీని చంపేది ఎక్కువగా అరకొర ఛార్జింగే. పూర్తిగా నిండకుండా వారాల తరబడి ఉంటే ప్లేట్ల మీది లెడ్ సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ కరగదు. పాత ఆర్‌వీల్లో చాలా కన్వర్టర్లు (బయటి కరెంటుతో బ్యాటరీని ఛార్జ్ చేసే పెట్టెలు) 13.6 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి. బాగా నిండాలంటే కొన్ని గంటలపాటు 14.4 దాకా వెళ్లాలి. బ్యాటరీ సగం ఖాళీ అయ్యాక క్యాంప్‌గ్రౌండ్ కరెంటుకి కలిపి, గంటకోసారి టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో చూడండి. ఎంతసేపటికీ 13.6 దాటకపోతే ముందు మార్చాల్సింది కన్వర్టర్‌నే. ఇంకో దొంగ గ్యాస్ లీక్ డిటెక్టర్: స్విచ్చులన్నీ ఆపినా అది కరెంటు లాగుతూనే ఉంటుంది, వాడకుండా నిలిపిన బండిలో బ్యాటరీని వారాల్లో ఖాళీ చేస్తుంది. ఇక డిస్టిల్డ్ వాటర్ సంగతి ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు.

ఎంత పెద్దది కావాలో చలి రాత్రి లెక్కే చెబుతుంది. గ్యాస్ హీటర్ ఫ్యాన్ దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది. పది గంటల రాత్రిలో సగం సేపు తిరిగినా 40 ఆంపియర్ అవర్లు. ట్రైలర్లతో సాధారణంగా వచ్చే గ్రూప్ 24 సైజు బ్యాటరీ సామర్థ్యం 75–80. సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి ఒక్క రాత్రికే దాని పని సరి. గోల్ఫ్ కార్టుల్లో వాడే 6 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలిపితే 12 వోల్టుల దగ్గర సుమారు 220 వస్తుంది. ఇవి దాదాపు రెండంగుళాలు ఎత్తెక్కువ. పాత పెట్టె మూత పడుతుందో లేదో కొలిచాకే కొనండి. ‘మెరైన్’ అని రాసి, ఆంపియర్ అవర్లకు బదులు స్టార్టింగ్ ఆంపియర్లు మాత్రమే చూపిస్తే దాని జోలికి పోవద్దు. ఇంజిన్ స్టార్టింగ్ కోసం పల్చటి ప్లేట్లు పెట్టిన రకం అయ్యుండొచ్చు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో 100 ఆంపియర్ అవర్లది పన్నెండు కిలోల చుట్టూ ఉంటుంది, దాదాపు మొత్తం వాడుకోవచ్చు. అంటే 55 కిలోల గోల్ఫ్ జోడీకి ఇంచుమించు సాటి. డబ్బుంటే ఇదే మేలు, రెండు షరతుల మీద. సున్నా డిగ్రీల కంటే చలిలో ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని సెల్ పాడవుతుంది. చలిలో ఛార్జింగ్ దానంతటదే ఆగే ఏర్పాటు ఉన్నదే తీసుకోండి. రెండోది, ఇది ఎంతిస్తే అంత కరెంటు మింగుతుంది కనుక మోటార్‌హోమ్ ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాలి.

బిగించేటప్పుడు కారు అలవాటు ముంచుతుంది. ట్రైలర్లలో తరచుగా నల్ల తీగే పాజిటివ్, తెల్లది నెగటివ్! తిరగేసి కలిపితే కన్వర్టర్‌లోని రివర్స్ పొలారిటీ ఫ్యూజులు ఎగిరిపోతాయి. పాతది తీసే ముందే ఫోటో తీసుకోండి. క్యాంప్‌గ్రౌండ్ ప్లగ్, సోలార్ రెండూ ఆపాక నెగటివ్ ముందు విప్పాలి, చివర్న బిగించాలి. లేదంటే పానా పాజిటివ్‌ నుంచి ఛాసిస్‌కి తగిలితే షార్టే. జోడీలో ఒకటే పోయినా రెండూ మార్చాలి.

లెడ్ యాసిడ్ అయితే పూర్తిగా ఛార్జ్ చేసి, తీగలు విప్పి, మర్నాడు చూస్తే 12.6–12.7 వోల్టులు ఉండాలి, 12.2 అంటే సగమే. లిథియంలో ఈ కొలత పనికిరాదు, వోల్టేజ్ చాలావరకు 13.2 చుట్టూనే నిలబడుతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే నెగటివ్ తీగలో షంట్ (కరెంటు కొలవడానికి పెట్టే చిన్న భాగం) పెట్టి, వచ్చిపోయే ఆంపియర్లు లెక్కించే మీటర్ కావాలి.