నాలుగు తీగలా, ఐదు తీగలా: బేస్ గిటార్ తగాదా వెనక కథ

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడగానే కర్నూలు, అనంతపురం, కడప ఆర్కెస్ట్రాల్లో పాత తగాదా మళ్ళీ రాజుకుంది. పాటకి లోతైన అడుగు స్వరాలు పలికే బేస్ గిటార్‌లో నాలుగు తీగల పాత మోడల్‌తో వచ్చేవాళ్ళని ఈసారి పిలవబోమని కొందరు నిర్వాహకులు ముఖం మీదే చెబుతున్నారు. ఫైవ్ స్ట్రింగ్, అంటే ఐదు తీగల బేస్, ఉంటేనే రమ్మంటున్నారు. ఉన్నదాన్ని అమ్మి కొత్తది కొనే ఖర్చు మాత్రం వాయించేవాడి నెత్తినే. చర్చిల్లో వాయించే కుర్రాళ్ళకీ ఇదే టెన్షన్. మొదటి బేస్ కొనబోయేవాడికి ఒకరు ‘క్లాసిక్ మోడల్ తీసుకో, జీవితాంతం ఉంటుంది’ అంటే, ఇంకొకరు ‘దాని కాలం అయిపోయింది’ అంటున్నారు.

1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ అనే నాలుగు తీగల బేస్ గిటార్ తెచ్చిన సంగతి, 1960లో జాజ్ బేస్ దానికి తోడైన సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. ఇక్కడ క్లాసిక్ మోడళ్ళంటే ఈ రెండే. ఇప్పటి తగాదాకి వేరు అక్కడ లేదు. నా లెక్కలో అది 1983లో ఉంది. యమహా డీఎక్స్7 కీబోర్డ్, అంటే స్వరాలని ఎలక్ట్రానిక్‌గా పుట్టించే సింథసైజర్, మార్కెట్లోకి వచ్చింది ఆ ఏడాదే.

అంతకుముందు సినిమా పాటలో బేస్ అంటే ఒక మనిషి, ఒక వాద్యం. 1970ల చివరి నుంచి ఇళయరాజా బేస్ గిటార్‌కి ఇచ్చిన చోటు ఎంతదో ఆ పాటలు విని పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పల్లవి ఒక దారిలో పోతుంటే బేస్ తనదైన ఇంకో వరసతో పక్కనే నడిచేది. డీఎక్స్7, దాని వెనకే వచ్చిన సింథసైజర్లు ఆ పనిని ఒక మీటకి అప్పగించాయి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం ‘ఇ’. అంటే సుమారు 41 హెర్ట్జ్, సెకనుకి 41 కంపనాలు. కీబోర్డ్‌కి ఆ హద్దు లేదు. ఇంకా కిందున్న ‘డి’, ‘సి’ స్వరాలు కూడా అదే సులువుతో పలుకుతాయి. పాటలు కట్టేవాళ్ళు కూడా ఆ స్వరాలు వాడటం మొదలుపెట్టారు.

అసలు దెబ్బ తగిలింది స్టూడియోల్లో కంటే మన ఊళ్ళ స్టేజీల మీద. తక్కువ ధర కీబోర్డ్‌లు చిన్న పట్టణాలకి చేరాక, కీబోర్డ్ వాయించేవాడి ఎడమ చెయ్యే బేస్ అయిపోయింది. ఒక మనిషి కూలి మిగిలింది, వ్యానులో ఒక సీటు మిగిలింది. జాతరల్లో, పెళ్లిళ్లలో, వినాయక చవితి పందిళ్ళలో జనం ఏళ్ల తరబడి విన్నది ఆ ఎడమ చేతి మోతనే. చెయ్యి తీసేదాకా ఒకే బలంతో సాగే లోతైన మోత అది. బేస్ అంటే అలాగే ఉండాలని చెవులకి అలవాటైపోయింది. బేస్ గిటార్ మళ్ళీ స్టేజి ఎక్కేసరికి దాన్ని తూచింది ఆ తూకంతోనే. ఇవాళ ‘నాలుగు తీగల్లో దమ్ము లేదు’ అంటున్నవాళ్ళు పోలుస్తున్నది వాళ్ళ చెవుల్లో ఉండిపోయిన కీబోర్డ్‌తో.

నిర్వాహకుల వాదనలో నిజం లేకపోలేదు. సింథ్ బేస్‌తో కట్టిన పాటని ఉన్నది ఉన్నట్టు వాయించాలంటే ‘ఇ’ కంటే కిందికి దిగాలి. గాయకుడి గొంతుకి తగ్గట్టు శ్రుతి దించితే ఇంకా కిందికి పోవాలి. ఐదో తీగ ‘బి’ దాకా, అంటే సుమారు 31 హెర్ట్జ్ దాకా దిగుతుంది. చెయ్యి ఎక్కువ కదపకుండా ఒకేచోట వాయించుకోవచ్చు కూడా.

అయితే ఆ 31 హెర్ట్జ్ ఎవరి చెవికి చేరుతోంది? కల్యాణ మండపాల్లో పెట్టే 15 అంగుళాల స్పీకర్లలో చాలావాటికి 40, 50 హెర్ట్జ్ దిగేసరికే బలం పడిపోతుంది. మంచి సబ్ వూఫర్లు లేకపోతే ఐదో తీగ అసలు స్వరం బయటికి రాదు, దానితో పాటు పుట్టే పై స్వరాలే (హార్మోనిక్స్) వినబడతాయి. సబ్‌లు ఉన్నచోట మరో చిక్కు. గచ్చు నేల, ఉత్త గోడల హాల్లో ఆ మోత చుట్టూ తిరిగి కాలితో మోగించే కిక్ డ్రమ్‌ని, పాడేవాళ్ళ మాటల్ని మింగేస్తుంది. బేస్ వాయించేవాళ్ళు ఈ మాట ఎప్పటినుంచో చెబుతున్నారు. వినేవాళ్ళు తక్కువ.

వాళ్ళ వాదన అర్థం కావాలంటే 1957కి వెళ్ళాలి. ఆ ఏడాది ప్రెసిషన్ బేస్‌లో తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్‌ని రెండు ముక్కలు చేశారు. ఒక ముక్క లావు తీగలు రెంటికి, రెండోది సన్న తీగలు రెంటికి. రెండు ముక్కల చుట్టలూ అయస్కాంతాలూ ఎదురుబొదురు అమరికలో ఉండటంతో కరెంటు నుంచి పట్టే హమ్ రద్దయిపోతుంది. మండపం నిండా సీరియల్ లైట్లు, డిమ్మర్లు ఉన్న రాత్రి దీని విలువ తెలుస్తుంది. జాజ్ మోడల్‌లో రెండు పికప్‌ల వాల్యూమ్ నాబ్‌లూ సమానంగా తిప్పి ఉంచితేనే హమ్ పోతుంది. ఒకటి తగ్గించగానే గుయ్యిమంటుంది. జాజ్ నెక్ (చెయ్యి పట్టే పొడవాటి కర్ర) నట్ దగ్గర, అంటే తీగలు దాటే పై చివర, సన్నగా, సుమారు 38 మిల్లీమీటర్లు ఉంటుంది, చిన్న చేతులకి హాయి. ప్రెసిషన్ అంతకంటే వెడల్పు. పెళ్లి స్టేజీకయితే నేను ప్రెసిషన్‌నే ఎంచుకుంటాను.

ఆ పికప్ గొంతు ఎలా ఉంటుందో తెలియాలంటే అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ స్టూడియోలో వాయించిన జేమ్స్ జేమర్సన్‌ని తలుచుకోవాలి. ఆయనది 1962 నాటి ప్రెసిషన్. లా బెల్లా కంపెనీ లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు నున్నగా ఉండేవి) వేసేవాడు, తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి మూత కింద స్పాంజి ముక్క. మీటేది చూపుడు వేలొక్కటే. స్వరం గుండ్రంగా పలికి, కిక్ డ్రమ్ పక్కన చోటు తీసుకుని, అంతలోనే తప్పుకునేది. తర్వాతి స్వరానికి చోటుండేది.

1966లో ఇంగ్లండ్‌లో రోటోసౌండ్ కంపెనీ, ద హూ రాక్ బృందంలోని బేస్ వాద్యకారుడు జాన్ ఎంట్విసిల్ కలిసి రౌండ్‌వౌండ్ (పైచుట్టు గరుకుగా ఉండే) తీగలకి రూపమిచ్చారు. పియానోలా మెరిసే, గణగణమనే మోత వాటిది. ప్రపంచమంతా అటే వెళ్ళింది. ఇవాళ షాపులో గోడకి వేలాడే క్లాసిక్ మోడళ్ళలో చాలావాటికి ఉండేవి ఈ తీగలే. కర్నూలు కుర్రాడు హైదరాబాద్ వెళ్ళినా, అనంతపురం కుర్రాడు బెంగళూరు వెళ్ళినా, కడప కుర్రాడు చెన్నై వెళ్ళినా ఆ మోడల్ అసలు గొంతు వినకుండానే ‘ఇది పాతది’ అని తిరిగొస్తున్నాడు. 2008లో మొదలైన, ఫెండర్ వాళ్ళదే తక్కువ ధర బ్రాండ్ స్క్వయర్ క్లాసిక్ వైబ్ మోడళ్ళ పుణ్యమా అని ఆ రూపురేఖలు సామాన్యుడికి కొంత అందుబాటులోకి వచ్చాయి. తీగల సంగతి మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

ఫింగర్‌బోర్డ్ (నెక్ మీద వేళ్ళు నొక్కే పలక) మీద కూడా ఒక అపోహ తిరుగుతోంది: రోజ్‌వుడ్ కాకపోతే నకిలీ అని. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతి చెట్లన్నిటినీ అంతరించే ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం ఆంక్షల కిందికి తెచ్చింది. దాంతో కంపెనీలు పావ్ ఫెరో, ఇండియన్ లారెల్ వంటి కర్రలకి మారాయి. 2019 నవంబరులో తయారైన వాద్యాలకి మినహాయింపు వచ్చినా ఆ కర్రలు కొన్ని మోడళ్ళలో నిలిచిపోయాయి. అవి నకిలీ సరుకు కాదు. శేషాచలం ఎర్రచందనం ఇదే ఒప్పందం కింద ఉందని తెలిసిన కడపవాళ్ళకి ఈ సంగతి తొందరగానే అర్థమవుతుంది.

క్లాసిక్ మోడల్ కొన్నవాళ్ళకి పని అక్కడితో తీరదు. ఫ్లాట్‌వౌండ్ తీగల లాగుడు చాలా సెట్లలో ఎక్కువ, నెక్ వంగుతుంది. బెంగళూరు చల్లదనంలో సెట్ చేసిన నెక్ అనంతపురం ఎండాకాలంలో అలాగే ఉండదు. నెక్ లోపల దాని వంపు సరిచేసే ట్రస్ రాడ్ కడ్డీని ఒక్కసారికి పావు తిప్పుకి మించకుండా తిప్పి, మళ్ళీ చూసుకోవాలి. పదిహేడో ఫ్రెట్ (ఫింగర్‌బోర్డ్ మీది లోహపు గీత) దగ్గర లావు తీగ ఎత్తు రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చాలామందికి సరిపోతుంది. టోన్ నాబ్ సగానికి దించి, పికప్ మీదే వేలు పెట్టి మీటాలి. వాయించని తీగలన్నీ మోగకుండా రెండు చేతులతో నొక్కిపెట్టాలి. స్వరం ఎక్కడ ఆపాలో తెలియడమే ఇందులో సగం విద్య, ఎన్ని తీగలున్నా. ఇక ‘డి’ కావాలంటే లావు తీగని ఒక స్వరం దించుకుంటే సరి. ‘సి’ కావాల్సిన పాటలో ఆ ఒక్క స్వరాన్ని పై స్థాయిలో పలికిస్తే పాట చెడిపోదు.

ఇంత గొడవలో ఒక్క మాట మాత్రం ఏ నిర్వాహకుడి నోటా రావడం లేదు. బేస్ గిటార్ స్టేజి మీద ఉన్నప్పుడు కూడా కీబోర్డ్ ఎడమ చెయ్యి ఆగడం లేదు. ఒకే కింది స్వరాన్ని ఇద్దరూ పలికిస్తుంటే ముద్దగా వినబడుతుంది, ఆ తప్పు నాలుగు తీగలవాడి మీద పడుతోంది. కొత్త వాద్యం కొనుక్కోమనే ముందు ఒక్క రిహార్సల్‌లో ఆ ఎడమ చెయ్యి ఎత్తించి, మిక్సర్ దగ్గర 40 హెర్ట్జ్ కింద కోయించి, ఫ్లాట్‌వౌండ్ తీగలతో వినండి. ఆ తీగల సెట్టు ఖరీదు ఫైవ్ స్ట్రింగ్ ధరలో చిన్న భాగం. అది కూడా వాయించేవాడి చేత కొనిపించకుండా బృందమే భరించాలి.