యూగ్లీనా ఏ గూటి పక్షి?

నిలవ నీటి మీద పచ్చగా తెట్టు కట్టిందంటే అందులో యూగ్లీనా అనే ఏకకణ జీవి ఉండే అవకాశం ఎక్కువ. ఒక చుక్క స్లైడు మీద వేసి, కవర్ స్లిప్ కప్పి, 400 రెట్లలో చూడండి. దీపం తగ్గించే పెట్టాలి. మోస్తరు వెలుగు వైపు ఈదే ఈ జీవి, వెలుగు మరీ ఎక్కువైతే ముఖం తిప్పేసుకుంటుంది. సుమారు 50 మైక్రోమీటర్ల పొడవు. కొరడాలాంటి కశాభం ఆడిస్తూ ఈదేది కాస్తా ఒక్కోసారి ఆగి, జలగలా ఉబ్బుతూ సన్నబడుతూ పాకుతుంది. సెల్యులోజ్ గోడ ఉన్న కణానికి ఆ మెలికలు చేతకావు. దీనికున్నది పొర కింద ఒకదాని పక్కన ఒకటి జారే ప్రోటీన్ పట్టీలే.

క్లామిడోమోనాస్ అనే ఏకకణ ఆకుపచ్చ శైవలమేమో (నాచు) అని అనుమానం వస్తే అయోడిన్ వేయండి. కదలికలు చూశాకే సుమా, అయోడిన్ పడితే కణం చచ్చిపోతుంది. క్లామిడోమోనాస్‌లోని పిండిపదార్థం నీలినలుపుకు తిరుగుతుంది. యూగ్లీనా దాచుకునే పారమైలాన్ కూడా గ్లూకోజ్ గొలుసే, అయితే అతుకు వేరు, బీటా-1,3. అందుకే నీలం రాదు. నీలం రాలేదు కాబట్టి కిరణజన్య సంయోగక్రియ లేదనుకోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు.

ఇక ఎర్రటి కంటిచుక్క. పేరుకే కన్ను. వెలుగును పసిగట్టేది కశాభం మొదట్లో ఉన్న చిన్న ఉబ్బు, ఎర్రచుక్క దానికి ఒక పక్క నీడపట్టే తెర.

వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని శైవలాల్లో కలుపుకున్నారు, జంతుశాస్త్రజ్ఞులు ఏకకణ జంతువులనుకున్న ప్రోటోజోవాలో. నామకరణ నియమావళులు కూడా రెండు! 1866లో జీవశాస్త్రవేత్త హేకెల్, మొక్కలు, జంతువులు అనే రెండు రాజ్యాలకు తోడుగా ప్రోటిస్టా అనే మూడో రాజ్యాన్ని ప్రతిపాదించాడు. 1969లో విట్టేకర్ అయిదు రాజ్యాల్లో దానికీ చోటిచ్చాడు. నిజానికి అది ఎటూ ఇమడనివన్నీ పడేసే అటక.

లక్షణాలను నమ్ముకుంటే ఏమవుతుందో బ్యాక్టీరియాను చంపే స్ట్రెప్టోమైసిన్ మందు చూపిస్తుంది. కిరణజన్య సంయోగక్రియ జరిపే హరితరేణువుల మూలం బ్యాక్టీరియా కాబట్టి వాటిలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు ఈ మందుకు లొంగుతాయి. విభజన చెందుతున్న యూగ్లీనా గ్రాసిలిస్‌కు ఇది తగిలితే సంతతి పాలిపోతుంది, మళ్లీ పచ్చబడదు. పోషకాలు కరిగిన నీరుంటే మాత్రం హాయిగా బతికేస్తుంది. మరి తల్లి మొక్క, బిడ్డ జంతువా?

మొక్కల హరితరేణువుకు రెండు పొరలు, యూగ్లీనా దానికి మూడు. పూర్వీకుడెవరో ఆకుపచ్చ శైవలాన్ని మింగి, అరిగించుకోకుండా ఉంచేసుకున్నాడు. అంటే పచ్చదనం అరువు సొమ్మే. డీఎన్ఏ పోలికలు, మైటోకాండ్రియాలోని పళ్లెంలాంటి మడతలు చూపే అసలు చుట్టాలు వేరు: అతినిద్రా వ్యాధి తెచ్చే ట్రిపనోసోమా, కాలా అజార్ తెచ్చే లీష్మానియా. ఇప్పుడు వాటితో కలిపే యూగ్లినోజోవా అనే సమూహంలో ఉంచుతున్నారు.